పొలిమేర దాటిన ఆదాయము: తెలుగునాటి వ్యాజ్యములు

చెన్నపట్టణమున చూలైకి అనతిదూరమున, సెంట్రలు రైలుస్టేషనుకును పెరియమేటకును నడుమ, ఒకప్పుడు పీపుల్సు పార్కు అను విశాలమైన ఉద్యానవన ముండెడిది. కాలక్రమమున దాని నేలపై రిప్పను భవనము, నెహ్రూ స్టేడియము మొదలగు కట్టడములు వెలసినవి. ఆ వనమును వేయించినవాడు 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెసు ట్రెవెల్యను. అయితే చరిత్రకారు లాతనిని వనమునకై కాక, పన్నునెదిరించిన గవర్నరుగా జ్ఞాపకముంచుకొన్నారు. 1857 నాటి తిరుగుబాటుతో అప్పులపాలైన ప్రభుత్వమునకు ధనము సమకూర్చుటకై జేమ్సు విల్సను 1860లో కలకత్తాలో ఆదాయపు పన్నును ప్రతిపాదించెను. ఈ దేశపు పరిస్థితులకు అట్టి పన్ను తగదని ట్రెవెల్యను వాదించుటయే కాక, తన అభిప్రాయమును పత్రికల కెక్కించెను. పైవారికి లోబడియుండవలసిన గవర్నరు బహిరంగముగా ఎదురాడుట సీమలోని పెద్దలకు రుచింపలేదు. ఆయనను వెనుకకు పిలిపించిరి. విల్సను సైతము ఆ సంవత్సరము ఆగస్టులోనే మరణించెను. పన్ను మాత్రము 1865 వఱకు సాగి, నిలిచి, పెక్కు మార్పులతో మఱల వచ్చి, 1886 నాటి చట్టముతో స్థిరపడినది. వింత యేమనగా, పన్నును నిరసించి పదవి పోగొట్టుకొన్న ట్రెవెల్యనే కొన్ని యేండ్లకు ఆ ప్రభుత్వములోనే ఆర్థికసభ్యుడుగా తిరిగివచ్చెను.

నాడు తలయెత్తిన ప్రశ్న ఒక్కటే: ఈ దేశమున నివసించువాని సంపాదనలో ప్రభుత్వము పాలు కోరవచ్చునా? అంతకంటె చిక్కైన ప్రశ్న తరువాత వచ్చినది. సంపాదన ఒక దేశమున పుట్టి, సంపాదించువాడు వేఱొక దేశమున నున్నయెడల పన్ను వేయు హక్కు ఎవరిది? దీనికి భారతదేశపు న్యాయస్థానములు చెప్పిన సమాధానములలో ముఖ్యమైనవి కొన్ని గుంటూరు పొగాకు వ్యాపారమునుండియు, విశాఖపట్టణపు రేవునుండియు, గోదావరి తీరమున జేగురుపాడునుండియు, హైదరాబాదులోని టీకామందుల సంస్థనుండియు పుట్టిన వ్యాజ్యములలో రూపొందినవి. పన్నుల న్యాయవాదులకు ఇవి కరతలామలకములు. ఇతరులకు, ఆ యూళ్ళలో నివసించువారికి సైతము, వీటి సంగతి అంతగా తెలియదు.

చూలై యనగా తమిళమున ఆవము. పూర్వము ఇచ్చట ఇటుకల ఆవములుండెను గనుక ఆ పేరు వచ్చినదందురు. అట్టి ఆవము నడుపు వర్తకు డొకడున్నాడని అనుకొందము. మన్ను ఇచ్చటిదే, కూలి ఇచ్చటివాడే, ఇటుక కొనువాడు ఇరుగుపొరుగువాడే, లాభము దాచుకొను పెట్టె ఆవము ప్రక్క ఇంటిలోనే యున్నది. వానికి పన్ను కట్టుట యందు ఏ చిక్కును లేదు. ఇప్పుడు మన్ను నెల్లూరునుండియు, పెట్టుబడి లండనునుండియు, ఇటుకలు కాల్చు విధానము జర్మనీనుండియు వచ్చినవనియు, ఆవమునకు యజమాని మనుష్యుడు కాక మారిషసు ద్వీపమున నమోదైన ఒక కంపెనీ యనియు, ఆ కంపెనీకి యజమాని మఱియొక కంపెనీ యనియు అనుకొందము. ఇటుక మాత్రము చూలైలోనే కాలుచున్నది. లాభ మెక్కడ పుట్టినది? నిప్పున్నచోటనా, నేర్పున్నచోటనా, ధనమున్నచోటనా, లేక కాగితమున్నచోటనా? అంతర్జాతీయ పన్నుల శాస్త్రమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

సమాధానములు స్థూలముగా రెండు. ఆదాయము పుట్టినచోటనే పన్ను వేయవలెనన్నది మొదటిది. దీనిని మూలస్థాన సూత్ర మనవచ్చును. సంపాదించువాడు నివసించుచోట వేయవలెనన్నది రెండవది, నివాస సూత్రము. మొదటి ప్రపంచ సంగ్రామము తరువాత నానాజాతి సమితి ఈ తగవును తీర్చుటకు నలుగురు ఆర్థికశాస్త్రజ్ఞులను నియమించెను: హాలెండునుండి బ్రూయిన్సు, ఇటలీనుండి ఐనాడి, అమెరికానుండి సెలిగ్మను, ఇంగ్లండునుండి స్టాంపు. 1923లో వారిచ్చిన నివేదిక పెక్కు విషయములలో నివాస సూత్రమువైపే మ్రొగ్గినది. పెట్టుబడి పెట్టు దేశములవారే నలుగురును. పెట్టుబడి పుచ్చుకొను దేశమువాడు వారిలో ఒక్కడును లేడు. 1943లో మెక్సికో నగరమున తయారైన నమూనా ఒడంబడిక మూలదేశమునకు అనుకూలముగా నుండగా, 1946లో లండనులో తయారైనది తిరిగి నివాసదేశమునకు మేలు చేసినది. సమావేశము జరిగిన ఊరినిబట్టి సూత్రము మారుటలో ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు. 1980లో ఐక్యరాజ్యసమితి బీదదేశముల పక్షము కొంత చూచి మఱియొక నమూనాను ప్రకటించెను. ఈ నమూనాలను చేతబట్టుకొని దేశములు జంటలు జంటలుగా చేసికొన్న ఒప్పందములకు ద్వంద్వ పన్ను నివారణ ఒడంబడికలని పేరు. ఒకే ఆదాయముపై ఇరువురు పన్ను వేయకుండునట్లు హక్కును పంచుకొనుట వాటి పని.

భారతదేశపు చట్టమున 1922 నుండియు ‘వ్యాపార సంబంధము’ అను మాట యున్నది. పరదేశికి ఈ దేశముతో వ్యాపార సంబంధ మున్నచో, ఆ సంబంధము మూలముగా వచ్చిన ఆదాయము ఇచ్చటనే పుట్టినట్లు భావింపబడును. 1961 చట్టములోని 9వ సెక్షను ఈ సూత్రమునే కొనసాగించినది. ఐతే సంబంధ మనగా నెంత? ఒక ఉత్తరము వ్రాసిన సంబంధమా? ఒక మనుష్యుని పంపిన సంబంధమా?

ఈ చర్చకు చెన్నపట్టణమే ఒక పెద్ద ఉదాహరణము నిచ్చినది. 1950లలో తిరువొత్తియూరులో సానరాళ్ళు మొదలగు ఘర్షణ సామగ్రిని తయారుచేయుటకు కార్బొరండం యూనివర్సలు అను సంస్థ వెలసినది. అందులో వాటాలు కల అమెరికా కంపెనీ తన సాంకేతిక విజ్ఞానమును అందజేసి, అందులకు సాలీనా ప్రతిఫలము పుచ్చుకొనుచుండెను. ఆ ప్రతిఫలముపై ఆదాయపు పన్ను శాఖవారు పన్ను కోరిరి. వ్యాజ్యము మద్రాసు హైకోర్టును దాటి సుప్రీంకోర్టునకు పోయినది. సేవ యంతయు అమెరికాలో జరిగినది, భారతదేశమున ఆ కంపెనీ ఏ పనియు చేయలేదు, కనుక ఇచ్చట పన్ను లేదని 1977లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. సంబంధ మున్నంతమాత్రమున చాలదు, ఆ సంబంధమునకు చెందిన కార్యము కొంతయైనను ఈ నేలపై జరుగవలెనని దీని భావము.

అదే సూత్రము గుంటూరు వ్యాజ్యమున ఇంకను స్పష్టమైనది. వర్జీనియా పొగాకునకు గుంటూరు సీమ ప్రసిద్ధమన్న సంగతి చెప్పనక్కఱలేదు. అచ్చటి ఎగుమతివర్తకు డొకడు జపానులో తన పొగాకు నమ్ముటకు టోక్యోలోని తోషోకు అను కంపెనీని ఏజెంటుగా నియమించుకొనెను. ఫ్రాన్సులో అమ్మకమునకు మఱియొక కంపెనీని ఏర్పఱచుకొనెను. ఓడపై సరకు పోవును, అచ్చట అమ్ముడగును, సొమ్ము ఇచ్చటికి వచ్చును. అటుపిమ్మట వర్తకుడు తన లెక్కలలో ఏజెంటు కమీషనును వాని పేర జమకట్టి, తరువాత పంపివేయును. పన్నుల అధికారి ఈ జమను చూచెను. ‘ఈ పుస్తకము గుంటూరులో నున్నది, జమ గుంటూరులో పడినది, కావున ఆదాయము గుంటూరులోనే అందినది’ అని ఆయన తర్కము. వర్తకుని ఆ పరదేశీయులకు ప్రతినిధిగా నెంచి, పన్ను వానినుండి రాబట్టబూనెను. ఇట్లు ప్రతినిధినుండి రాబట్టు అధికారము చట్టమున నున్నది. లేనియెడల టోక్యోలో నున్నవాని గుమ్మమునకు తాఖీదు అంటించు టెట్లు?

1980లో సుప్రీంకోర్టు ఈ తర్కమును త్రోసిపుచ్చెను. ఋణగ్రస్తుడు తన పుస్తకమున తాను వ్రాసికొన్న జమ అప్పిచ్చినవానికి అందిన సొమ్ము కానేరదు. ఏజెంటు పని యంతయు జపానులోను ఫ్రాన్సులోను జరిగినది. అందుచే కమీషను ఇచ్చట అందనులేదు, ఇచ్చట పుట్టనులేదు. పైకి ఇది ఖజానాకు నష్టమువలె కనబడును. లోతుగా చూచినచో పొగాకు రైతునకు మేలు చేసిన తీర్పు. పరదేశపు ఏజెంటు కమీషనుపై పన్ను పడినయెడల ఏజెంటు దానిని తాను భరింపడు. అంత మేరకు ఎక్కువ కమీషను కోరును. ఆ భారము వర్తకునిపైబడి, వర్తకునినుండి పొగాకు ధరమీదికి దిగును. పన్ను కట్టువాడొకడు, మోయువాడొకడు అగుట ఆర్థికశాస్త్రమున సామాన్య విషయమే. నేటికిని దేశమందలి ఎగుమతివర్తకులు విదేశపు కమీషనులను గూర్చి వాదించునపుడు మొదట పేర్కొనునది ఈ గుంటూరు వ్యాజ్యమునే.

ప్రభుత్వము ఊరకుండలేదు. కార్బొరండం వ్యాజ్యము తేలకమునుపే, 1976 ఆర్థిక చట్టముతో 9వ సెక్షనునకు క్రొత్త కొమ్మలు మొలిపించినది. వడ్డీ, రాయల్టీ, సాంకేతిక సేవల ప్రతిఫలము అను మూడింటి విషయమున సేవ ఎక్కడ జరిగినదను ప్రశ్నయే లేకుండునట్లు చేసినది. చెల్లించువాడు భారతదేశ నివాసియై, ఆ సేవ ఇచ్చటి వ్యాపారమునకు వినియోగపడినచో చాలును. ఆదాయము ఇచ్చటనే పుట్టినట్లు భావింపబడును. ‘భావింపబడును’ అన్న మాట చట్టములలో మిక్కిలి శక్తిమంతమైనది. కవిసమయములవంటిదే ఇదియును, కాకపోయినచో వెన్నెలను త్రాగు చకోరమును చూపుమని కవిని ఎవరును కోరరు, చట్టకర్తను మాత్రము కోరుదురు. ఇట్టి భావనకు హద్దున్నదా యను ప్రశ్న ముప్పదియేండ్లకు పైగా సాగి, తెలుగునాటనే ముగిసినది. దానికి ముందు విశాఖపట్టణమునకు పోవలయును.

బైలదిల్లా కొండల ఇనుప ముడిఖనిజమును జపానునకు పంపుటకై విశాఖరేవును పెంచిన కథ ప్రసిద్ధము. పెద్ద ఓడలు వచ్చుటకు కట్టిన బాహ్యనౌకాశ్రయము 1976లో ప్రారంభమైనది. ఖనిజమును ఎత్తి ఓడలకందించు యంత్రసామగ్రి కొఱకు రేవు ధర్మకర్తల సంస్థ పశ్చిమ జర్మనీ కంపెనీతో ఒప్పందము చేసికొనెను. యంత్రములు జర్మనీలో తయారైనవి. అచ్చటనే వాటిపై హక్కు చేతులు మారినది. బిగింపు పనిని పర్యవేక్షించుటకు నిపుణులు మాత్రము ఇచ్చటికి వచ్చిరి. పన్నుల శాఖ రేవు సంస్థను ఆ కంపెనీకి ప్రతినిధిగా నెంచి పన్ను కోరగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో తీర్పు నిచ్చెను.

ఈ తీర్పున రెండు మాటలు చిరకాలము నిలిచినవి. ఒకటి, చట్టమునకును ఒడంబడికకును గల వరుస. పన్ను విధించు సెక్షనులు ‘ఈ చట్టములోని తక్కిన నియమములకు లోబడి’ అని మొదలగుచున్నవి. పరదేశములతో ఒడంబడికలు చేసికొను అధికారము నిచ్చు 90వ సెక్షను ఆ తక్కిన నియమములలో నున్నది. కావున చట్టము వేయగల పన్నును సైతము ఒడంబడిక ఆపగలదు. రెండవది, ‘పర్మనెంటు ఎస్టాబ్లిష్‌మెంటు’ అను మాటకు అర్థము. దీనిని తెలుగున స్థిరవ్యాపారస్థాన మనవచ్చును. ఒడంబడికల ప్రకారము పరదేశపు కంపెనీ వ్యాపారలాభముపై మూలదేశము పన్ను వేయవలెనన్నచో, ఆ కంపెనీకి అచ్చట స్థిరవ్యాపారస్థాన ముండవలెను. అతిథిగా వచ్చిపోవుట కాదు, కాపురముండుట కావలెను. పరదేశపు సంస్థ తన నేల దాటి ఈ నేలపై తననే కొంత చాచి నిలిపినట్లుండవలెనని హైకోర్టు వివరించినది. కొలదికాలము వచ్చిన నిపుణులు అట్టి స్థానము కారని తేల్చెను. ఈ వివరణము ఆంధ్రదేశపు ఎల్లలు దాటినది. 2003లో మారిషసు ఒడంబడికను గూర్చిన ఆజాదీ బచావో ఆందోళన వ్యాజ్యమునను, 2017లో ఫార్ములా వన్ కారు పందెముల వ్యాజ్యమునను సుప్రీంకోర్టు విశాఖ తీర్పును ఆధారముగా గైకొన్నది. ముడిఖనిజపు రేవునకై చెప్పిన మాట పందెపు బాటకును వర్తించినది. అయితే అచ్చట ఫలము వేఱు, పందెపు మైదానము స్థిరస్థానమేయని తేలినది.

ఇక ‘భావన’కు హద్దు విషయము. హైదరాబాదులోని ప్రభుత్వరంగ సంస్థ ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, కంప్యూటర్ల తయారీకై నార్వే దేశపు కంపెనీతో చేసికొన్న ఒప్పందము వలన మొదట ఈ ప్రశ్న తలయెత్తెను. సేవ నార్వేలో, సేవకుడు నార్వేలో, ఐనను పన్ను ఇచ్చటనా? తన నేలకు వెలుపల జరుగు కార్యముపై శాసనము చేయు అధికారము పార్లమెంటునకు కలదా? ఇది సామాన్యము కాదని 1989లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమునకు నివేదించెను. కాని ఆ సంస్థ తన అప్పీళ్ళను ఉపసంహరించుకొనుటచే ప్రశ్న అట్లే మిగిలిపోయినది.

దానిని మఱల లేపినది జేగురుపాడు. 1991 తరువాత విద్యుదుత్పత్తిని ప్రైవేటు సంస్థలకు తెఱచినపుడు, రాజమహేంద్రవరమునకు చేరువను సహజవాయువుతో నడుచు 235 మెగావాట్ల కేంద్రమును జీవీకే ఇండస్ట్రీసు సంస్థ స్థాపించెను. అంత పెద్ద ప్రయత్నమునకు అప్పు ఎట్లు, ఎచ్చట, ఏ షరతులపై పుట్టించవలెనో సలహా చెప్పుటకు స్విట్జర్లండులోని జ్యూరిచి నగరపు కంపెనీ నొకదానిని కుదుర్చుకొనెను. పని ఫలించినపిదప ఆ కంపెనీ పంపిన బిల్లు సుమారు 5.4 కోట్ల రూపాయలు. పరదేశికి సొమ్ము పంపువాడు ముందుగా పన్ను పట్టుకొని మిగిలినదే పంపవలెనన్నది చట్టము. పన్ను పట్టనక్కఱలేదన్న పత్రమును సంస్థ కోరెను, అధికారి నిరాకరించెను. హైకోర్టు 1997లో, స్విస్ కంపెనీకి ఇచ్చట వ్యాపార సంబంధము లేదుగాని ఆ సొమ్ము సాంకేతిక సేవల ప్రతిఫలమేయని చెప్పుటతో సంస్థ సుప్రీంకోర్టు నాశ్రయించినది.

2011 మార్చి 1న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము తీర్పుచెప్పెను. దానిని వ్రాసినవాడు తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. వాదము రెండు కొసలకు పోయినది. దేశపు ఎల్లలకు వెలుపలి విషయములపై పార్లమెంటు శాసనము చేయనే కూడదని ఒక కొస. ఏ విషయముపై నైనను చేయవచ్చును, కోర్టు లడుగరాదని ప్రభుత్వ పక్షపు కొస. ధర్మాసనము రెండింటిని అంగీకరింపలేదు. వెలుపల జరుగు కార్యమైనను, దాని ఫలము భారతదేశముమీదనో, ఇచ్చటి ప్రజల క్షేమముమీదనో పడునపుడు పార్లమెంటు శాసింపవచ్చును. ఈ దేశముతో ఏ ముడియు లేనిదానిని శాసించుటకు మాత్రము అధికారము లేదు. ఆ ముడి యున్నదో లేదో న్యాయస్థానములు విచారింపవచ్చును. పార్లమెంటు ఈ దేశప్రజలకై పనిచేయు సభయే కాని సమస్త ప్రపంచమునకు శాసనకర్త కాదన్నది ఈ తీర్పులోని సారము. పన్నుల వ్యాజ్యమున పుట్టినను ఇది రాజ్యాంగ శాస్త్రమున చదువవలసిన తీర్పు. ఇక బిల్లు సంగతి 2015 వఱకు తేలలేదు. ఆ సంవత్సరము ఇరువురు న్యాయమూర్తుల ధర్మాసనము, అప్పు పుట్టించుటకు చెప్పిన సలహా సాంకేతిక సేవలోనికే వచ్చును, సొమ్ము ఇచ్చటినుండి పోయినది కనుక పన్ను ఇచ్చటనే యని నిర్ణయించెను. సూత్రమున హద్దు గెలిచినది, ఫలితమున ఖజానా గెలిచినది.

అన్నింటిలోను చిత్రమైనది శాంతా బయోటెక్నిక్సు కథ. 1993లో కె. ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన ఈ సంస్థ 1997లో హెపటైటిసు-బి టీకామందును విపణిలోనికి తెచ్చినది. పరదేశపు టీకా సామాన్యునికి అందరాని ధర నున్న కాలమున ఇచ్చటి టీకా రాకతో ధరలు పడిపోయినవి. సంస్థ వృద్ధిపొందిన పిమ్మట ఫ్రాన్సు దేశపు మేరియూ అలయన్సు అను కంపెనీ దాని వాటాలు కొనదలచి, అందుకొఱకు 2006లో ఫ్రాన్సులోనే ‘షాన్ హెచ్’ అను కంపెనీని నెలకొల్పెను. శాంతా వాటాలు షాన్ హెచ్ చేతిలోనికి పోయినవి. దస్సో పారిశ్రామిక కుటుంబపు సంస్థ యొకటి షాన్ హెచ్‌లో భాగస్వామియైనది. 2009లో సనోఫీ పాస్తరు అను మఱియొక ఫ్రెంచి సంస్థ శాంతాను కోరినది. అయితే అది కొన్నది శాంతా వాటాలను కాదు. వాటిని పట్టుకొనియున్న షాన్ హెచ్ వాటాలను. అమ్మినవారు ఫ్రెంచివారు, కొన్నవారు ఫ్రెంచివారు, అమ్ముడుపోయిన కంపెనీ ఫ్రెంచిది. హైదరాబాదు కంపెనీలో ఒక్క కాగితమును కదలలేదు. కాని ఏలిక మారినది.

ఇల్లమ్మినచో రిజిస్ట్రేషను రుసుము పుచ్చుకొను ప్రభుత్వము, ఇల్లు గల పెట్టెను అమ్మినపుడు చూచుచు నుండవలెనా యని పన్నుల శాఖ ప్రశ్నించెను. షాన్ హెచ్ బోలు గవ్వ వంటిది, దానికి శాంతా వాటాలు తప్ప వేఱు ఆస్తి లేదు, కనుక అమ్మినది శాంతానే యని వారి వాదము. పన్ను పట్టుకొనక సొమ్ము చెల్లించినందులకు సనోఫీపై తాఖీదులు పోయినవి. 2011లో అడ్వాన్సు రూలింగుల సంస్థయు ప్రభుత్వ పక్షమే చెప్పెను. వ్యాజ్యము హైదరాబాదు హైకోర్టునకు వచ్చెను.

ఇక్కడ ఒడంబడికను శ్రద్ధగా చదువవలసియున్నది. భారత ఫ్రాన్సుల ఒడంబడికలోని 14వ అధికరణము 5వ పేరా ప్రకారము, ఒక కంపెనీలో నూటికి పదిపాళ్ళకు తక్కువకాని వాటాలను అమ్మినచో, ఆ కంపెనీ ఏ దేశపుదో ఆ దేశమే పన్ను వేయవచ్చును. షాన్ హెచ్ తన చేతిలోని శాంతా వాటాలను నేరుగా అమ్మియుండినచో, శాంతా భారతీయ కంపెనీ గనుక హక్కు భారతదేశమునది. అమ్మకము ఒక మెట్టు పైన జరిగినది, అమ్ముడుపోయిన వాటాలు షాన్ హెచ్‌వి, అది ఫ్రెంచి కంపెనీ, హక్కు ఫ్రాన్సుది. ఒక్క మెట్టు తేడాతో పన్ను సముద్రము దాటినది. వాటాల వెనుకనున్న ఆస్తిని చూచి పన్ను వేయుమన్న మాట ఆ పేరాలో లేదు. లేని మాటను చేర్చుట న్యాయస్థానము పని కాదు. షాన్ హెచ్ పన్ను ఎగవేతకై పుట్టిన మాయకంపెనీ కాదు, నిజమైన పెట్టుబడి సాధనమేయని కూడ హైకోర్టు గ్రహించెను. 2013 ఫిబ్రవరి 15న సనోఫీ పక్షమున తీర్పు వచ్చినది.

ఆ తీర్పునకు విలువ పెంచినది దానికి ఏడాది ముందు జరిగిన సంగతి. వొడాఫోను సంస్థ కేమను దీవులలోని కంపెనీ వాటా కొని భారతదేశపు టెలిఫోను వ్యాపారమున ప్రవేశించినపుడు కోరిన సుమారు 11,000 కోట్ల రూపాయల పన్ను చెల్లదని 2012 జనవరి 20న సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కొలది నెలలలోనే పార్లమెంటు 9వ సెక్షనును సవరించి, ఇట్టి అమ్మకములు పన్నునకు లోబడునని, అదియు 1962 ఏప్రిలు 1 నుండియే లోబడియున్నవని ప్రకటించెను. అర్ధశతాబ్దము వెనుకకు పోయి శాసించుట యిది. ఆ సవరణ చట్టమును మార్చగలదు కాని ఫ్రాన్సుతో చేసికొన్న మాటను ఒంటిచేత మార్చజాలదని హైదరాబాదు తీర్పు నిర్ణయించెను. విశాఖ తీర్పున వేసిన పునాదిపైనే ఈ గోడ లేచినదని పోల్చి చూచినవారికి తెలియును.

ప్రభుత్వము కోరినది అన్యాయమైన కోరిక యని చెప్పుటకు వీలులేదు. శాంతా విలువ పెరిగినది తెలుగునాటి శాస్త్రజ్ఞుల శ్రమచే, ఇచ్చటి రోగుల అవసరముచే. ఆ పెరుగుదలలో ఇచ్చటి ఖజానాకు కాసైనను రాకపోవుట విచారకరమే. దోషము తీర్పునది కాదు, ఒడంబడికను వ్రాసికొన్ననాడు పైమెట్టును గూర్చి ఆలోచింపకపోవుటది. వెనుకతేదీ చట్టము ఆ లోపమును పూడ్చలేకపోయినది. పైగా కొత్త చిక్కులు తెచ్చినది. 2020 సెప్టెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తులు వొడాఫోను పక్షమునను, డిసెంబరులో కెయిర్న్ సంస్థ పక్షమునను తీర్పులిచ్చిరి. కెయిర్న్‌కు చెల్లింపవలసినది సుమారు 120 కోట్ల డాలర్లు. 2021 ఆగస్టులో పార్లమెంటు మఱియొక చట్టముచే ఆ వెనుకతేదీ పన్నును రద్దుచేసి, వసూలుచేసిన సొమ్మును వడ్డీ లేకుండ తిరిగి ఇచ్చుట కంగీకరించెను. మారిషసు విషయమున వేఱొక మార్గము నవలంబించిరి: 1982 నాటి ఒడంబడికనే 2016లో సవరించి, 2017 ఏప్రిలు 1 నుండి కొన్న వాటాల అమ్మకపు లాభముపై మూలదేశమునకు హక్కు తెచ్చుకొనిరి. ఎదుటి పక్షమును ఒప్పించి, ముందు తేదీతో చేసిన ఈ మార్పుపై అంతటి వ్యాజ్యములు లేవలేదు.

నాణెమునకు రెండవ ముఖ మున్నది. మలయా దేశమున చెట్టియారులకు రబ్బరు తోటలుండెడివి. ఆ తోటలలో పాలు గీసినవారిలో విశాఖ, శ్రీకాకుళ మండలములనుండి వలసపోయిన తెలుగు కూలీలు పెక్కురు. ఆ తోటల ఆదాయముపై తమిళనాడులోని యజమానుల వద్ద భారతప్రభుత్వము పన్ను కోరగా, మలేషియా ఒడంబడిక ప్రకారము ఆ హక్కు మలేషియాదేయని 2004లో కుళందగన్ చెట్టియారు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చెను. అనగా నివాసదేశముగా భారతదేశము కోరినపుడు సైతము న్యాయస్థానములు ఒడంబడికనే పట్టుకొన్నవి. ఇప్పుడు హైదరాబాదు మందుల కంపెనీలు అమెరికాలోను ఐరోపాలోను కర్మాగారములు నడుపుచున్నవి. మూలదేశపు కన్నుతో మాత్రమే చూచుటకు భారతదేశమునకు ఇక వీలులేదు.

స్థిరవ్యాపారస్థాన మన్న మాటయే నేడు కదలుచున్నది. విశాఖకు యంత్రము రావలెనన్న ఓడ కావలెను, దానిని బిగించుటకు మనుష్యుడు కావలెను. చూలైలోని దుకాణదారు తన ప్రకటనను అంతర్జాలమున వేయించుకొనుటకు సొమ్ము చెల్లించినపుడు, దానిని పుచ్చుకొను పరదేశపు సంస్థకు ఈ నగరమున ఒక బల్లయు కుర్చీయు నుండవలసిన పనిలేదు. ఇందులకై భారతదేశము 2016లో పరదేశ సంస్థలకు చెల్లించు ప్రకటనల సొమ్ముపై నూటికి 6 చొప్పున సమీకరణ సుంకము వేసెను. 2020లో అంతర్జాల వర్తకముపై మఱియొక 2 పాళ్ళు చేర్చెను. రెండవది 2024 ఆగస్టు 1న, మొదటిది 2025 ఏప్రిలు 1న తొలగింపబడినవి. 2021 అక్టోబరులో 136 దేశములు, పెద్ద కంపెనీలు ఎక్కడ లాభము చూపినను నూటికి 15 పాళ్ళకు తక్కువ కాని పన్ను కట్టునట్లును, లాభములో కొంత భాగముపై కొనుగోలుదారులున్న దేశములకు హక్కు కలుగునట్లును ఒక ఒప్పందమునకు వచ్చినవి. ఏడాదికి 75 కోట్ల యూరోలు వ్యాపారము చేయు సంస్థలకే ఈ కనీసపు పన్ను వర్తించును. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఆ ఒప్పందము తమ దేశమును బంధింపదని ప్రకటించెను. ఈ లోపల ఐక్యరాజ్యసమితిలో సకలదేశములకు సమానమైన ఓటుతో ఒక పన్నుల ఒడంబడికను తయారుచేయు ప్రయత్నము ఆరంభమైనది. 1923లో నలుగురు కూర్చొన్న బల్ల చుట్టును ఈ మాఱు పెట్టుబడి పుచ్చుకొను దేశములును కూర్చొన్నవి. భారతదేశమున 1961 చట్టమునకు బదులు 2025లో క్రొత్త ఆదాయపు పన్ను చట్టము చేయబడినది. ఒడంబడికల అధికారమును, ‘భావింపబడు’ ఆదాయమును అందులోను చోటుచేసికొన్నవి.